పాత షాట్‌గన్‌లో సీసం లేని తూటాలు వాడాలంటే

అమెరికాలో బాతుల వేటకి సీసపు గుళ్లు వాడకూడదన్న నిబంధన 1991 నుంచి దేశమంతా ఉంది. నీళ్ల అడుగున బురదలో పడ్డ గుళ్లని బాతులు ఇసుకరాళ్లనుకుని మింగేస్తాయి, అవి కందనకాయలో అరిగి విషం రక్తంలోకి ఎక్కుతుంది, పక్షి చిక్కిపోయి చస్తుంది. నిబంధన నూటికి నూరుపాళ్లు మంచిదే. కానీ ఇక్కడ స్థిరపడి వేట నేర్చుకున్న మనవాళ్లు పక్కింటి పెద్దాయన దగ్గర 60, 70 ఏళ్ల నాటి తుపాకీ కొనుక్కుని, చవగ్గా దొరికే స్టీలు తూటాల పెట్టె తెచ్చి నేరుగా నింపేస్తుంటే నాకు భయం వేస్తుంది.

దయచేసి ముందు తుపాకీ సంగతి తేల్చుకోండి, తూటాల సంగతి తర్వాత.

మొదట ఛాంబర్, అంటే తుపాకీలో తూటా కూర్చునే గది, దాని పొడవు. తూటా మీద రాసే పొడవు పేలాక మూతి విచ్చుకున్నప్పటిది, అందుకే పొడవైన తూటా పొట్టి ఛాంబర్‌లో కూడా హాయిగా పట్టేస్తుంది, పట్టింది కదా అని కాలిస్తే మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పాతకాలపు 16 గేజ్ తుపాకులు (గేజ్ అంటే బ్యారెల్ గొట్టం లోపలి వెడల్పు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) చాలావాటి ఛాంబర్ 65 మిల్లీమీటర్లే, ఇప్పటి మామూలు తూటా 70. కంటితో చూస్తే ఇది తెలియదు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ కొలిచే పనిముట్టు పెట్టి చూడాల్సిందే. ఆయన చేతే బ్యారెల్ గోడ మందం, దాని చివర సన్నబడే చోక్ ఎంత బిగుతుగా ఉందో, సొట్టలూ తుప్పు గుంటలూ ఉన్నాయేమో కూడా చూపించుకోండి. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ బ్యారెల్ అయితే దాంట్లో ఇప్పటి తూటాలు ఏ రకమైనా వద్దు.

ఇక స్టీలు. సీసం మెత్తన, చోక్ దగ్గర నలిగి సర్దుకుని వెళ్లిపోతుంది. స్టీలు గుళ్లు నలగవు, దాంతో ఆ తోపుడంతా బ్యారెల్ మీదే పడి చోక్ దగ్గర ఉంగరంలా ఉబ్బు వస్తుంది, లోపల గీతలూ పడొచ్చు. ఫుల్ చోక్, అంటే బాగా బిగుతైన చోక్ ఉన్న పాత తుపాకీలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తన పాత షాట్‌గన్ ఆటో-5కి బెల్జియంలో తయారైన బ్యారెల్స్‌లో స్టీలు వాడొద్దని బ్రౌనింగ్ కంపెనీయే చెబుతుంది, అదే జపాన్‌లో చేసిన ఇన్వెక్టర్ (చోక్ మార్చుకోగలిగే) బ్యారెల్ అయితే వాడుకోవచ్చు.

పాత తుపాకీకి నా సలహా బిస్మత్ అనే లోహపు గుళ్లు. ఖరీదు ఎక్కువే, కానీ స్టీలు కన్నా చాలా మెత్తన, బరువులో సీసానికి దగ్గర. ఘన సెంటీమీటరుకి సీసం 11.3 గ్రాములైతే బిస్మత్ సుమారు 9.6, స్టీలు 7.8. అందుకే 5 నంబరు సీసం వాడేచోట ఒక సైజు పెద్దదైన 4 నంబరు బిస్మత్ తీసుకోండి (నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది). అయితే బిస్మత్ అని రాసి ఉన్నంత మాత్రాన ఛాంబర్ లెక్క మారిపోదు, పొడవు సరిపోవాలి, పైగా మందు ఎక్కువ దట్టించిన మాగ్నమ్ జోలికి పోకుండా తక్కువ ఒత్తిడి తూటాలే ఎంచుకోవాలి. టంగ్‌స్టన్ అనే బరువైన లోహపు గుళ్లూ ఉన్నాయి, కానీ అవన్నీ ఒకటి కావు. ప్లాస్టిక్‌తో కలిపి చేసే మ్యాట్రిక్స్ రకం మెత్తన, టీఎస్ఎస్ (టంగ్‌స్టన్ సూపర్ షాట్) మాత్రం స్టీలు కన్నా గట్టిది, పాత బ్యారెల్‌కి అస్సలు పనికిరాదు.

వేటకి బయల్దేరే ముందు కోటు జేబులన్నీ దులపండి. బాతుల వేటలో సీసపు తూటా దగ్గర పెట్టుకున్నా నేరమే, కాల్చక్కర్లేదు. జేబులో 12 గేజ్, 20 గేజ్ తూటాలు కలిసి ఉంటే ఇంకా ప్రమాదం, 20 గేజ్‌ది జారి 12 గేజ్ బ్యారెల్‌లో ఇరుక్కుంటే దాని వెనక ఇంకోటి పెట్టి కాల్చినప్పుడు బ్యారెల్ పగిలిపోతుంది.

కళ్లద్దాలు, చెవులకి రక్షణ తప్పనిసరి. ఏదైనా తూటా మామూలుగా పేలకుండా 'టుస్సు'మంటే అక్కడే ఆగి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్‌లో ఏమీ అడ్డుపడలేదని చూసుకున్నాకే రెండోది. మొదటి నాలుగైదు తూటాలయ్యాక ఖాళీ బ్యారెల్‌ని విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని లోపల చూడండి, చోక్ దగ్గర ఉంగరంలా నీడ కనిపిస్తే ఆ రోజుకి వేట ఆపేసి నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.