ఎండోస్కోపీ నార్మల్, హిమోగ్లోబిన్ మాత్రం పడిపోతోంది: చిన్నపేగులో రక్తస్రావం

ఐరన్ వాడుతున్నా రక్తం నిలవడం లేదు

ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండిట్లోనూ ఏమీ దొరక్కపోతే అనుమానం చిన్నపేగు మీదికి మళ్లాలి. దానిలో చాలా భాగానికి ఆ గొట్టాలు చేరవు. పెద్ద వయసువాళ్లలో అక్కడ తరచుగా కనిపించేది యాంజియోడిస్‌ప్లేసియా, అంటే పేగు లోపలి పొరలో ఉబ్బి పలచబడ్డ సన్నటి రక్తనాళాలు. నొప్పి ఉండదు. కాస్త కారి ఆగుతుంది, మళ్లీ కారుతుంది. అందుకే ఆయాసం, నీరసం వయసు ఖాతాలో పడిపోతాయి.

ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది. తారులా జిగటగా, ఘాటైన దుర్వాసనతో ఉంటే మాత్రం రక్తమనే అనుకోవాలి. దానితోపాటు కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా ఇంట్లో ఉండకూడదు. రక్తం ధారగా పోతుంటే సీటీ యాంజియోగ్రఫీ (రక్తనాళాల్ని చూపే స్కాన్) చేసి, కారుతున్న నాళాన్ని లోపలినుంచే మూసేస్తారు.

ప్రాణాపాయం లేనప్పుడు క్యాప్సూల్ ఎండోస్కోపీ, అంటే చిన్న కెమెరా ఉన్న మాత్రను మింగించి పేగు లోపలి ఫొటోలు తీయడం. రక్తస్రావమైన రెండు రోజుల్లోపు చేస్తే దొరికే అవకాశం ఎక్కువ. పేగు ఎక్కడైనా ఇరుకైందన్న అనుమానముంటే ముందు సీటీ తీయాలి, లేకపోతే క్యాప్సూల్ అక్కడే చిక్కుకోవచ్చు.

ఎర్రచుక్క దొరికింది

ఎర్రచుక్క అంటే ఆ ఉబ్బిన రక్తనాళమే. బెలూన్ ఎంటరోస్కోపీతో (బెలూన్ సాయంతో చిన్నపేగులోకి లోతుగా వెళ్లే గొట్టం) అక్కడికి చేరి ఆర్గాన్ ప్లాస్మాతో, అంటే ఆర్గాన్ వాయువు ద్వారా పంపే కరెంటు వేడితో కాలుస్తారు. చిన్నపేగు గోడ పలచన కాబట్టి వేడి తగ్గించి వాడతారు. చిమ్మే ధమని అయితే క్లిప్ వేస్తారు.

కాల్చాక మళ్లీ కారుతోంది

ఇది మామూలే, డాక్టరు పని సరిగా చేయలేదని కాదు. ఒక చుక్క కాలిస్తే పక్కన ఇంకోటి ఉండవచ్చు, కొత్తవీ పుడతాయి. కానీ నన్నడిగితే, రెండోసారి కాల్చేముందే గుండె ఎకో, కిడ్నీ పరీక్షలు చూసుకోవాలి. బృహద్ధమని కవాటం (గుండెనుంచి రక్తం బయటికెళ్లే ద్వారం) ఇరుకైతే ఆ సందులో దూరే రక్తంలోని వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ ముక్కలైపోతుంది. అది లేకపోతే రక్తం సరిగా గడ్డకట్టదు. కవాటం ఇరుకు, పేగులో రక్తస్రావం కలిసి రావడాన్ని 1958లో హైడ్ అనే వైద్యుడు గుర్తించి రాశాడు. కవాటం మారిస్తే చాలామందిలో రక్తస్రావం తగ్గుతుంది.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు, స్ట్రోక్ రావచ్చు. గుండె డాక్టరుతో మాట్లాడాకే మార్పు.

ఇంకా ఆగకపోతే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు, థాలిడోమైడ్ ఉన్నాయి. థాలిడోమైడ్ గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తుంది, కాళ్లూచేతుల్లో తిమ్మిరి తెస్తుంది. ఒకప్పుడు ఇచ్చిన హార్మోన్ మాత్రల వల్ల లాభం లేదని పరీక్షల్లో తేలింది. మాత్రలతో ఐరన్ నిండకపోతే సెలైన్‌లో ఎక్కించుకోవాలి.