లోపం ఉందని తెలిసిన స్పోర్ట్స్ కారు: ముందే బాగుచేయించాలా, నడుపుతూ చూసుకోవాలా?

సెకండ్ హ్యాండ్‌లో ఒక పోర్షే బాక్‌స్టరో, కేమనో, బీఎమ్‌డబ్ల్యూ ఎం3నో దొరికింది, రేటు కుదిరింది, అంతలో తెలిసినవాళ్లెవరో "ఆ ఇంజిన్‌లో ఒక బేరింగ్ ఉంటుంది, అది పోతే ఇంజినే పోతుంది" అన్నారు. ఇక టెన్షన్ మొదలు. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఈ పరిస్థితి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఎలా ఆలోచించి నిర్ణయం తీసుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "అది పోయే ఛాన్స్ ఎంత?" అనే. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ముందు రెండు విషయాలు తేలాలి. ఆ పార్టు పోతే ఏమవుతుంది? పోయేముందు మనకు ఏదైనా గుర్తు చూపిస్తుందా? ఈ రెండూ తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే, శాతాల లెక్క ఆ తర్వాతే పనికొస్తుంది.

మొదటి రకం: ప్రాణం మీదకు వచ్చే లోపం. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. బ్రేకులు, స్టీరింగ్, పెట్రోల్ లీక్, ఎయిర్‌బ్యాగ్, మంటలు అంటుకునే అవకాశం, వీటికి సంబంధించి ఏ లోపం ఉన్నా బండి కదలకూడదు. "ఇంటి దగ్గర్నుంచి ఆటోనగర్ దాకానే కదా" అని కూడా నడపొద్దు. 2010లో ఫెరారీ 458 ఇటాలియా కార్లకు మంటలు అంటుకున్నాయి. వెనక చక్రాల ఆర్చ్ లోపల వాడిన జిగురు ఎగ్జాస్ట్ వేడికి అంటుకోవడమే కారణం, కంపెనీ ఆ కార్లను రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. 2014లో పోర్షే 911 జీటీ3 విషయంలో ఇంకా గట్టి నిర్ణయం తీసుకున్నారు. కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులై ఇంజిన్ పగిలి రెండు కార్లు కాలిపోతే, అప్పటిదాకా తయారైన 785 కార్ల ఓనర్లందరికీ బండి తీయొద్దని చెప్పి, అన్నింటికీ ఇంజిన్లు మార్చి ఇచ్చారు. 785లో రెండు అంటే శాతంగా చూస్తే చాలా తక్కువ. అయినా ఆపేయమన్నారంటే, ఛాన్స్ ఎంత అన్నదానికంటే పోతే ఏమవుతుందన్నదే వాళ్లు చూశారన్నమాట.

మన ఊళ్లవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, టకాటా ఎయిర్‌బ్యాగులు. వాటి ఇన్‌ఫ్లేటర్‌లో (బ్యాగును ఉబ్బించే భాగంలో) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురైతే పాడవుతుంది. అప్పుడు యాక్సిడెంట్ అయితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడంతో పాటు లోహపు ముక్కలు డ్రైవర్ మీదకు దూసుకొస్తాయి. వేడి, తేమ రెండూ కలిసి ఉండే చోట ఏళ్లు గడిపిన బండికే ప్రమాదం ఎక్కువ. మే నెలలో విజయవాడ, గుంటూరు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? బీఎమ్‌డబ్ల్యూ, హోండా, ఫెరారీ సహా చాలా కంపెనీలు ఈ కారణంగా కార్లను వెనక్కి పిలిచాయి. ఈ లోపం బయటికి ఏ గుర్తూ చూపించదు, శబ్దం రాదు, లైటు వెలగదు.

దీన్ని చూసుకోవడానికి పెద్ద పనేమీ లేదు. ఆర్‌సీలో చాసిస్ నంబర్ ఉంటుంది, 17 అక్షరాలు, అంకెలు. దాన్ని బండి మీద ఉన్న నంబర్‌తో పోల్చి చూడండి. తర్వాత ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు మెయిల్ పెట్టి "ఈ నంబర్ మీద పెండింగ్ రీకాల్స్ ఏమైనా ఉన్నాయా" అని అడగండి. ఫోన్లో చెప్పినా సరే, రాతపూర్వకంగా తెప్పించుకోండి. మన మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 110ఏ సెక్షన్ కింద ప్రభుత్వం రీకాల్ చేయించవచ్చు గానీ, ఆ నిబంధనలు ఏడేళ్ల లోపు బండ్లకే. మనం కొనే స్పోర్ట్స్ కార్లు చాలావరకు అంతకంటే పాతవే. అయినా భద్రతకు సంబంధించిన రీకాల్ కంపెనీ తనంతట తాను ప్రకటించి ఉంటే పాత బండికీ సాధారణంగా ఉచితంగా చేస్తారు, కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక రెండో రకం: ప్రాణానికి సాధారణంగా ఏమీ కాదు గానీ ఇంజిన్‌ను చంపేసే లోపం. నిజంగా తల పట్టుకునేది ఇక్కడే, కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

అందరూ చెప్పుకునేది పోర్షే ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్. 1997 నుంచి 2008 దాకా వచ్చిన బాక్‌స్టర్, కేమన్, మామూలు 911 ఇంజిన్లలో క్రాంక్ నుంచి క్యామ్‌షాఫ్టులకు చెయిన్ల ద్వారా తిప్పుడు అందించే ఇంటర్మీడియట్ షాఫ్ట్ ఒకటి ఉంటుంది. దాని గేర్‌బాక్స్ వైపు చివర సీల్ వేసిన బాల్ బేరింగ్ పెట్టారు. కాలం గడిచేకొద్దీ సీల్ లోపలికి ఇంజిన్ ఆయిల్ చేరి, అందులోని గ్రీజు కడుక్కుపోతుంది. లోపలికి వెళ్లిన ఆయిల్ మాత్రం తాజాగా మారదు, పాతదే అక్కడే ఉండిపోతుంది. బేరింగ్ అరిగి విరిగితే టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇనుప పొడి ఇంజిన్ అంతా పాకుతుంది. అక్కడితో ఇంజిన్ అయిపోయినట్టే. 911 టర్బో, జీటీ3 ఆ కాలంలో వేరే ఇంజిన్‌తో వచ్చాయి, వాటికి ఈ బాధ లేదు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో అసలు ఆ షాఫ్టే లేదు.

ఇప్పుడు శాతాలు పనికొస్తాయి. అమెరికాలో ఓనర్లు వేసిన కేసు 2013లో సెటిల్ అయింది. అందులో బయటికొచ్చిన లెక్కల ప్రకారం మొదట్లో వాడిన డబుల్ రో (రెండు వరసల గుళ్లు ఉన్న) బేరింగ్ పోయింది 1 శాతం లోపే, ఆ తర్వాత 2005 దాకా వాడిన సింగిల్ రో (ఒకే వరస) బేరింగ్ మాత్రం 8 నుంచి 10 శాతం దాకా పోయింది. 2005 మధ్య నుంచి ఇంకా పెద్ద బేరింగ్ పెట్టారు. అది పోవడం బాగా తక్కువ, కాకపోతే ఇంజిన్ బ్లాక్ విప్పితే తప్ప బయటికి రాదు. అందుకే మీ బండిలో ఏ బేరింగ్ ఉందో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రిజిస్ట్రేషన్ సంవత్సరం చూసి మోసపోకండి, తయారైన ఏడాది వేరుగా ఉండొచ్చు, ఇంజిన్ మధ్యలో మారి ఉండొచ్చు. ఇంజిన్ నంబర్ చూడాలి, గేర్‌బాక్స్ దించినప్పుడు కంటితోనూ చూసి ఖాయం చేసుకోవాలి.

సింగిల్ రో బేరింగ్ అయితే, మార్చినట్టు బిల్లు లేకపోతే, ముందే మార్పించమనే నేను చెప్తాను. పదింట ఒకటి చిన్న లెక్కేమీ కాదు, పైగా పోయేది మొత్తం ఇంజిన్. ఈ పనిలో ఖర్చంతా బేరింగ్‌లో ఉండదు, గేర్‌బాక్స్ దించి ఎక్కించే లేబర్‌లో ఉంటుంది. క్లచ్ ప్లేటుకూ అదే దించాలి, వెనక ఆయిల్ సీల్‌కూ అదే. కాబట్టి క్లచ్ ఎటూ అరిగి ఉంటే మూడూ ఒకేసారి చేయించండి. పెద్ద బేరింగ్ అయితే మాత్రం దానికోసం ఇంజిన్ విప్పొద్దు. క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించిన రోజున బయటి సీల్ తీసేయిస్తే బేరింగ్‌కు తాజా ఆయిల్ అందుతుంది, చాలామంది చేస్తున్నది అదే. డబుల్ రో అయితే క్లచ్ టైమ్ దాకా ఆగొచ్చు, ఈలోపు ఆయిల్ మీద కన్నేసి ఉంచాలి.

ఆయిల్ మీద కన్నేయడం అంటే ఇదీ. కొన్న వెంటనే ఆయిల్ మార్పించండి, మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. పాత ఫిల్టర్‌ను పారేయనివ్వొద్దు. కాగితం మడతలు విప్పి తెల్లగుడ్డ మీద పరిచి, ఎండలో చూసి, ఒక అయస్కాంతం పెట్టి చూడండి. అయస్కాంతానికి అతుక్కునే మెరుపు ముక్కలు ఉంటే ఉక్కు రాలుతున్నట్టు, బండి అక్కడే ఆపేయాలి. నల్లటి ప్లాస్టిక్ ముక్కలుంటే బేరింగ్ సీల్ చిరిగి ఉండొచ్చు. ఏమీ లేకపోతే బాగున్నట్టే, అయినా తర్వాతి ఆయిల్ మార్పును 8,000 కిలోమీటర్లకు మించనివ్వకండి. తక్కువ తిరిగిన బండి కదా అని మురిసిపోవద్దు, ఏడాదిలో పది నెలలు షెడ్డులో పడి ఉన్న బండిలో ఆయిల్‌కు తేమ పట్టి బేరింగ్ ఇంకా తొందరగా పాడవుతుంది.

ఈ పని ఆటోనగర్‌లో చేయించొచ్చా అని అడుగుతారు. చేతి పనితనంలో మన మేస్త్రీలను నేను తక్కువ చేయను. కానీ ఈ బేరింగ్ తీసేటప్పుడు క్రాంక్‌ను లాక్ చేయాలి, చెయిన్ టెన్షనర్లు వదులు చేయాలి, క్యామ్‌లు కదలకుండా పట్టుకోవాలి. చెయిన్ ఒక్క పన్ను జారినా బాగున్న ఇంజిన్ పాడవుతుంది. "క్రాంక్ లాక్ పిన్, క్యామ్ లాక్ టూల్స్ ఉన్నాయా, చూపించండి" అని అడగండి. ఉంటే సంతోషం. లేకపోతే విజయవాడ నుంచి సుమారు 275 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కు బండిని ఫ్లాట్‌బెడ్ మీద పంపండి.

ఎం3 విషయం కూడా ఇలాంటిదే. 2007 నుంచి 2013 దాకా వచ్చిన వీ8 ఎం3లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు తొందరగా అరుగుతాయి. ఇంజిన్ బయటికి తీయకుండా కింద ఆయిల్ సంప్ దించి మార్చొచ్చు కాబట్టి చాలామంది దీన్ని ఒక పెద్ద సర్వీస్ లాగే చేయించేస్తారు. పాత చరిత్ర తెలియకపోతే ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపండి. మొదటి రకం బేరింగుల్లో అయితే సీసం, రాగి పెరుగుతాయి, తర్వాతి వాటిలో తగరం, అల్యూమినియం చూడాలి. ఒక్క రిపోర్టుతో తేల్చేయకండి, రెండు ఆయిల్ మార్పుల మధ్య తేడా చూడాలి. ఈలోపు ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆర్‌పీఎం పెంచొద్దు.

మూడో రకం, గుర్తులు చూపిస్తూ పోయేవి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది పోలో జీటీ టీఎస్ఐలో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. వేడి, తేమ, ఆగుతూ సాగే ట్రాఫిక్ కలిసిన చోట గేర్‌బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ వల్ల ఎలక్ట్రికల్ లోపాలు వస్తున్నాయని 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా లక్షల కార్లను పిలిచి మినరల్ ఆయిల్ పోసింది. ఆ కాలం బండి అయితే సర్వీస్ రికార్డులో ఆ పని జరిగిందా చూడండి. ఒకటి నుంచి రెండో గేర్‌కు మారేటప్పుడు కుదుపు, గేర్ అంకె మినుకుమినుకుమనడం మొదలైతే అవే హెచ్చరికలు. బందరు రోడ్డులో నెమ్మదిగా వర్క్‌షాప్ దాకా వెళ్లొచ్చు. కానీ ఆ స్థితిలో హైవే ఎక్కొద్దు, ఎందుకంటే డ్రైవ్ ఒక్కసారిగా పోతే కాజ టోల్‌ప్లాజా దాటాక లారీల మధ్య, రాత్రిపూట, నడిలేన్‌లో నిలబడిపోతారు. అప్పుడది మొదటి రకం లోపమే అయిపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో చూశాం. ఆ తర్వాత చేతులు మారిన ఏ బండినైనా సీటు కింద కార్పెట్ ఎత్తి చూడకుండా కొనొద్దు. బాక్‌స్టర్‌లో అయితే వరద కూడా అక్కర్లేదు. టాప్ పక్కన నీళ్లు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే వాన నీరు లోపలికి దిగి, సీటు కింద ఉండే అలారం కంట్రోల్ యూనిట్‌ను తడిపేస్తుంది. అక్కడ తడి కనిపిస్తే తాళం తిప్పకుండా ముందు బ్యాటరీ విప్పించండి.

డబ్బు గురించి ఒక మాట. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోవద్దు, అరుగుదలను, మెకానికల్ బ్రేక్‌డౌన్‌ను మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ కవర్ చేయదు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్‌ఆన్ కూడా ప్రధానంగా నీళ్లు వెళ్లడం, ఆయిల్ కారిపోవడం లాంటి వాటికే. కాబట్టి బేరమాడేటప్పుడే ఈ రిపేరు ఖర్చు తీసేసి రేటు మాట్లాడండి. రెండుచోట్ల రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని అమ్మేవాళ్ల ముందు పెడితే సగంమంది దిగొస్తారు. దిగిరాకపోతే ఆ బండి వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

నడపకూడదని తేలిన బండిని తరలించేటప్పుడు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే క్రేన్ వద్దు, ఫ్లాట్‌బెడ్ కావాలని ముందే చెప్పండి. బండి కిందకు ఉంటుంది కాబట్టి పొడవు ర్యాంప్ ఉందా అడగండి, లేకపోతే రెండు చెక్క పలకలు తెప్పించండి. పోర్షేలో లాగడానికి కొక్కెం ముందు డిక్కీలో టూల్‌కిట్‌తో ఉంటుంది, అది ఉందో లేదో వ్యాన్ రాకముందే చూసుకోండి. తాళ్లు చక్రాలకు కట్టాలి, సస్పెన్షన్ ఆర్మ్‌లకు కట్టనివ్వొద్దు.

పని పూర్తయి బండి వచ్చాక మొదటి రౌండ్ తెల్లవారుజామున, ట్రాఫిక్ లేనప్పుడు, ఒక్కరే వెళ్లండి. ఇంట్లోవాళ్లను ఆ రోజు ఎక్కించుకోవద్దు. ఊళ్లోనే అరగంట తిప్పి, ఆపి, కింద ఆయిల్ చుక్కలు పడ్డాయేమో చూసి, అప్పుడు వారధి దాటి మంగళగిరి దాకా వెళ్లి రండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి ఫిల్టర్ విప్పి అదే తెల్లగుడ్డ మీద పరిచి చూడండి. బేరింగ్ మార్చిన బిల్లు, పాత బేరింగ్ ఫొటో, ఆ ఫిల్టర్ ఫొటో ఒకే ఫైల్‌లో పెట్టండి, రేపు ఈ బండి ఇంకొకరికి అమ్మితే అది వాళ్ల చేతికివ్వాలి.