ఇంటి ప్లాను చదవడం ఎలా? ముందు మీ గదిని మీరే గీసి చూడండి

ఒంగోలులో మేం ఇల్లు కట్టించినప్పుడు, ప్లానులో వంటింటి గోడకు రెండడుగుల దూరంలో ఒక తెగిన గీత ఉండేది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, చిన్న చిన్న ముక్కలుగా. అదేంటని నేనూ అడగలేదు, మేస్త్రీ అడగలేదు. లింటెల్ (తలుపులు, కిటికీల పైన వచ్చే కాంక్రీటు పట్టీ) పోశారు, పైన ఇటుక లేచింది, స్లాబూ పడింది. అప్పుడు తెలిసింది అది అటక అని. లింటెల్‌తో పాటే పడాల్సిన అటక కోసం గోడ తొలిచి, ఊచలు దించి మళ్లీ పోయించుకున్నాం. అందుకే పునాది తవ్వడానికి నేల మీద ముగ్గు పోయకముందే ప్లాను చదవడం నేర్చుకోండి అని అందరికీ చెబుతున్నాను. దానికి సులువైన దారి, మీరుంటున్న గదినే ఒకసారి కాగితం మీద గీయడం.

ఒక గ్రాఫు కాగితం, మిల్లీమీటర్లున్న స్కేలు, టేపు, రెండు పెన్సిళ్లు తీసుకోండి. సన్న గీతలకు 2హెచ్, లావు గీతలకు హెచ్‌బీ. టేపు రెండో కొస పట్టుకోడానికి ఇంకొకరు ఉంటే మేలు.

కొలవడం

ముందు చేత్తోనే గది ఆకారం వేసుకుని, కొలిచిన ప్రతి అంకెనూ అక్కడే రాసుకోండి. పొడవు, వెడల్పు, మూల నుంచి తలుపు ఎంత దూరం, తలుపు వెడల్పెంత, ఆ తర్వాత కిటికీ ఎక్కడ. మూల నుంచి ఎదురు మూలకు కూడా రెండు వైపులా కొలవండి. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి, ఈ రెండు కొలతలూ కలిస్తేనే గది మూలమట్టానికి ఉన్నట్టు.

స్కేలు

చేతిలో ఉన్న స్కేలు వేరు, డ్రాయింగు స్కేలు వేరు. 1:50 అంటే కాగితం మీద 1 మిల్లీమీటరు, నేల మీద 50 మిల్లీమీటర్లు. మీ గది 3.60 మీటర్లకు 3.00 మీటర్లు అనుకుంటే, కాగితం మీద 72 మిల్లీమీటర్లకు 60 అవుతుంది. తొమ్మిదంగుళాల గోడ, అంటే 230 మిల్లీమీటర్లు, అయిదు చిన్న (మిల్లీమీటరు) గళ్లకు కాస్త తక్కువ పడుతుంది. ఇల్లంతా ఒకే కాగితంలో పట్టాలంటే 1:100 వాడతారు. అడుగుల్లో గీసేవాళ్లు అంగుళానికి 8 అడుగులు అంటారు. అది 1:96, దగ్గరదే గానీ ఒకటి కాదు.

ఇక్కడొక జాగ్రత్త. ఏ3 కాగితం మీద గీసిన ప్లానును ఏ4 సైజుకు జిరాక్స్ తీయిస్తే ప్రతి గీతా దాదాపు 71 శాతానికి కుదించుకుపోతుంది. పది సెంటీమీటర్ల గీత ఏడు అవుతుంది. పక్కన మాత్రం 1:100 అని అలాగే రాసి ఉంటుంది! కాబట్టి జిరాక్స్ మీద స్కేలు పెట్టి కొలవకండి. రాసిన అంకెనే నమ్మండి.

గీతలు

ప్లానంటే ఇంటిని పైనుంచి చూసిన బొమ్మ అని చాలామంది అనుకుంటారు. అలా చూస్తే కనబడేది డాబా ఒక్కటే. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఇంటిని అడ్డంగా కోసి, పై ముక్క తీసి పక్కన పెట్టి, కిందికి తిన్నగా చూసినట్టు గీసేదే ప్లాను. ఇది మనసులో పడితే గీతలు వాటంతటవే అర్థమవుతాయి. కోతకు దొరికిన గోడలు లావు గీతలు. కోతకు కింద కనబడే గట్టు, మెట్లు, కిటికీ దిమ్మె సన్న గీతలు. కోతకు పైనున్నవి, అంటే తీసి పక్కన పెట్టిన ముక్కలో ఉండే అటక, దూలం, సన్‌షేడు తెగిన గీతలు. నా వంటింట్లో ఉన్న గీత అదే.

తలుపు దగ్గర పావు వృత్తం గీయండి, రెక్క తిరిగే దారి అది. తర్వాత వేరే కాగితంలో మీ మంచాన్ని అదే స్కేలుకు కత్తిరించండి. 1.9 మీటర్లకు 1.5 మంచమైతే 38 మిల్లీమీటర్లకు 30. దాన్ని గదిలో అటూ ఇటూ జరిపి చూడండి. తలుపు మంచానికి తగులుతుందో, బీరువా తలుపు తెరుచుకుంటుందో ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

అంకెలు

గోడ లోపలి నుంచి లోపలికా, బయటి నుంచి బయటికా, మధ్య నుంచి మధ్యకా? ప్రతి కొలతకూ రెండు కొసల్లో ఉన్న చిన్న గీతలు ఎక్కడ ఆగాయో చూస్తే తెలుస్తుంది. ఇటుక నుంచి ఇటుకకు పన్నెండడుగులున్న గది, రెండు వైపులా అరంగుళం పూత పడ్డాక అంగుళం తగ్గుతుంది. రెడీమేడ్ బీరువా కొనేవాళ్లకు ఆ అంగుళం చాలా ముఖ్యం.

నెల్లూరు వైపు స్థలాన్ని అంకణాల్లో చెప్పుకుంటాం. అంకణమంటే 36 చదరపు అడుగులనే లెక్కా ఉంది, 72 అనే లెక్కా ఉంది. ప్లాను గీసేవారికి అంకణాలు చెప్పి ఊరుకోకండి. నాలుగు వైపుల పొడవులూ, ఉత్తరం ఎటో చెప్పండి.

సెక్షను, ఎలివేషను

ప్లాను మీద పొడుగు ముక్క, చిన్న ముక్క మార్చి మార్చి వచ్చే గొలుసు గీత లాంటిది ఒకటి గీసి, రెండు కొసల్లో ఏ–ఏ అని రాసి బాణాలు పెడతారు. అక్కడ ఇంటిని నిలువునా కోసి, బాణం చూపిన వైపు చూస్తే కనబడేది సెక్షను. ఎత్తులన్నీ ఇందులోనే ఉంటాయి: బేస్‌మట్టం, కిటికీ దిమ్మె, లింటెల్, స్లాబు.

మెట్ల సంగతి సెక్షనులోనే తేలుతుంది. నేల నుంచి పై నేలకు పదడుగులు, అంటే 120 అంగుళాలు. మెట్టు ఎత్తు ఆరంగుళాలైతే 20 ఎత్తులు. రెండు వరసలుగా విడగొడితే వరసకు 10 ఎత్తులు, కానీ అడుగు పెట్టే పలకలు 9 మాత్రమే, పదోది ల్యాండింగో (మధ్యలో ఆగే చదును), పై నేలో అవుతుంది. పలక 10 అంగుళాలైతే ఒక వరసకు ఏడున్నర అడుగుల పొడవు కావాలి. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదని, పలక 250కి తగ్గకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. గదుల్లో టైల్సు, మెట్లకు చీమకుర్తి గ్రానైటు వేయించేవాళ్లు రెండింటి మందం ముందే చెప్పాలి. లేకపోతే మొదటి మెట్టో, చివరి మెట్టో తేడా వచ్చి కాలు తడబడుతుంది.

ఎలివేషనంటే ఇంటి ముందు చేయించే డిజైను అని మనవాళ్ల వాడుక. డ్రాయింగులో మాత్రం అది ఒక గోడను ఎదురుగా నిలబడి తిన్నగా చూసిన బొమ్మ. దూరంగా ఉన్నవి చిన్నవి కావు, అందుకే దాని మీద కొలతలు రాయగలుగుతారు. రంగుల త్రీడీ బొమ్మ చూసి మేస్త్రిని కట్టమనకండి.

గీయడం అయ్యాక మీ ఇంటి ప్లాను తెరవండి. ప్రతి తెగిన గీత పక్కన అదేమిటో పెన్సిలుతో రాయండి. రాయలేకపోయిన చోట ప్రశ్న గుర్తు పెట్టి, ముగ్గు పోసే రోజుకు ముందే ఇంజనీరును పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చెప్పించుకోండి.