డోనట్ నూనె పీల్చేస్తోందా? లోపం ఎక్కడ మొదలైందో వెతుకుదాం

బేకరీలో డోనట్ పాడైతే అందరి చూపూ ముందు ఫ్రయర్ మీదికే వెళ్తుంది. లోపం కంటికి కనబడేది అక్కడే కదా. కానీ చాలాసార్లు అది గంటో రెండు గంటలో ముందే, పిండి కలిపేటప్పుడో పొంగబెట్టేటప్పుడో మొదలై ఉంటుంది. అందుకే ఏదైనా మార్చే ముందు మూడు లెక్కలు రాసుకోండి: మిక్సర్‌లోంచి తీసిన పిండి వేడి, ప్రూఫర్‌లో (పిండిని పొంగబెట్టే వెచ్చని పెట్టెలో) వేడీ తేమా, వేపుతుండగా నూనె వేడి. తర్వాత ఒక బ్యాచ్‌కి ఒక్కటే మార్చండి. టెన్షన్‌లో అన్నీ ఒకేసారి మార్చేస్తే, సరిపడ్డా ఎందుకు సరిపడిందో తెలియదు.

నూనె ఎక్కువగా పీల్చడం

అందరినీ ఎక్కువగా వేధించే సమస్య ఇదే. ఈస్ట్ డోనట్‌కి నూనె 180 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఫ్రయర్ మీద కనబడే అంకెను నమ్మకుండా, విడి థర్మామీటర్ ముంచి చూడండి. ఖాళీ ఫ్రయర్‌లో కాదు, డోనట్లు వేసిన అర నిమిషం తర్వాత. ఒక్కసారే ఎక్కువ వేస్తే వేడి పడిపోతుంది. పైపొర త్వరగా బిగుసుకోదు, రంగు రావడానికి ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది, ఆ లోగా నూనె ఎక్కుతుంది. వేసే సంఖ్య తగ్గించండి, నూనె మళ్లీ వేడెక్కాకే తర్వాతి వాయి వేయండి. మామూలు సైజు డోనట్‌కి ఒక్కో వైపు నిమిషం లోపే చాలు.

వేడి సరిగానే ఉంటే ప్రూఫర్ వైపు చూడండి. పిండి మరీ పొంగిపోతే లోపలి గాలి గదుల గోడలు పలచబడి, వేపేటప్పుడు కూలిపోతాయి. ఆ సందుల్లోకి నూనె చేరుతుంది. వేలితో మెల్లగా నొక్కి చూడండి. గుంట నెమ్మదిగా, సగం వరకు తిరిగి వస్తే వేపొచ్చు. వెంటనే లేచిపోతే ఇంకాసేపు ఆగాలి. అలాగే ఉండిపోతే సమయం దాటిపోయినట్టే, తర్వాతి ట్రేలను త్వరగా బయటికి తీయండి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. డోనట్ పీల్చే నూనెలో పెద్ద భాగం ఫ్రయర్‌లో కాదు, బయటికి తీశాక లోపలికి వెళ్తుంది. చల్లబడుతుంటే లోపలి ఆవిరి నీరై ఖాళీ ఏర్పడుతుంది, పైన అంటుకున్న నూనెను ఆ ఖాళీ లోపలికి లాగుతుంది. కాబట్టి జాలీని తీసిన క్షణంలోనే వంచి నూనె కారిపోనివ్వాలి. తీసి పక్కన పెట్టి తర్వాత చూద్దాంలే అంటే ఆలస్యమైపోతుంది.

నూనె నల్లబడి, నురగ పట్టి, మామూలు వేడికే పొగ వస్తుంటే అది పాతబడింది. పాత నూనె పిండికి ఎక్కువగా అంటుకుంటుంది. రోజూ వడకట్టండి, తగ్గినంత కొత్తది పోయండి. వేపని సమయంలో మంట తగ్గించండి. రాగి, ఇత్తడి వస్తువులేవీ నూనెకు తగలనివ్వకండి, వాటివల్ల నూనె త్వరగా చెడుతుంది.

గట్టిగా, బరువుగా రావడం, నడుమ తెల్ల గీత లేకపోవడం

బాగా పొంగిన డోనట్ తేలికగా తేలుతుంది. సగమే నూనెలో మునుగుతుంది కాబట్టి రెండు వైపులా వేగినా నడుమ తెల్లని పట్టీ మిగులుతుంది. పట్టీ లేదంటే డోనట్ బరువెక్కి లోతుగా మునిగిందన్నమాట.

ఎక్కువగా దీనికి కారణం పిండి చల్లగా ఉండటం. కలిపాక పిండి 26 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. దాన్ని అదుపులో ఉంచుకోవడానికి నీళ్ల వేడే సులువైన మార్గం. కావాల్సిన వేడిని 3తో హెచ్చవేసి, అందులోంచి మైదా వేడి, గది వేడి, మిక్సర్ రాపిడి వల్ల పెరిగే వేడి తీసేయండి. 27 కావాలంటే 81. మైదా 28, గది 30, రాపిడి 12 అయితే నీళ్లు 11 డిగ్రీలు ఉండాలి. రాపిడి ఎంతో మీ మిక్సర్ మీద మీరే కొలుచుకోవాలి, యంత్రాన్ని బట్టి మారుతుంది.

చక్కెర ఎక్కువున్న పిండిలో ఈస్ట్ మందగిస్తుంది. అలాంటి వంటకానికి తీపి పిండి కోసం తయారుచేసిన ఈస్ట్ వాడండి.

పైన బొబ్బలు, లేదా ఒకవైపు పగుళ్లు

బొబ్బలు వస్తే తేమ ఎక్కువైంది. పగుళ్లు వస్తే తేమ చాలక పైన పొర ఎండింది. డోనట్ ప్రూఫర్‌లో తేమ 70 శాతానికి అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. బ్రెడ్‌కి ఇంతకంటే ఎక్కువ తేమ పెడతారు. రెండింటికీ ఒకే సెట్టింగ్ వాడే చోట ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. తేమ సరిగా ఉన్నా బొబ్బలు తగ్గకపోతే, షీటర్‌లో (పిండిని పలచగా పరిచే యంత్రంలో) పిండి నుంచి గాలి పూర్తిగా పోవడం లేదేమో చూడండి.

గుండ్రంగా కోసినవి కోలగా మారుతుంటే పిండి బిగువుగా ఉంది. పరిచాక కొన్ని నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత కోయండి.

కేక్ డోనట్‌లో తేడాలు

ఇందులో ఈస్ట్ ఉండదు, బేకింగ్ పౌడరే పొంగిస్తుంది. పై సలహాలు అన్నీ దీనికి పనికిరావు. ఇక్కడ పిండి 22 నుంచి 24 డిగ్రీలు ఉండాలి. వెచ్చగా ఉంటే పరుచుకుని చదునుగా అవుతుంది. చల్లగా ఉంటే పైకి తేలడానికి ఆలస్యమై నూనె పడుతుంది. కలిపాక 10 నిమిషాలు ఆగితే మైదా నీటిని పీల్చుకుని, వేసిన ప్రతిదీ ఒకే బరువులో పడుతుంది. ఎక్కువసేపు కలిపితే మాత్రం సాగుడు వచ్చి రబ్బరులా ఉంటుంది.

గ్లేజ్ కారడం, పొడి చక్కెర తడవడం

గ్లేజ్, అంటే పైన పోసే చక్కెర పూత, వెచ్చని డోనట్ మీద పడాలి, అప్పుడే పలచగా, మెరుస్తూ పరుచుకుంటుంది. పూర్తిగా చల్లారాక పోస్తే మందంగా పేరుకుని పెచ్చులూడుతుంది. పొడి చక్కెరకు దీనికి సరిగ్గా వ్యతిరేకం, బాగా చల్లారాకే చల్లాలి. అయినా చక్కెర పసుపుపచ్చగా తడిస్తే లోపలి నూనె బయటికి వస్తోందని అర్థం. గది వేడిలో గడ్డకట్టే రకం కొవ్వులో వేపితే అది తగ్గుతుంది. ఇక డబ్బాలో పెట్టాక గ్లేజ్ కరిగితే, డోనట్‌ని ఇంకా వేడిగా ఉండగానే మూసేశారని. లోపలి ఆవిరికి దారి లేక మూతకు పట్టి, మళ్లీ చక్కెర మీదే పడుతుంది. ట్రేలను ర్యాక్‌లో ఎడంగా పెట్టి, అడుగు భాగం కూడా చల్లబడిందని చేత్తో తాకి చూశాకే మూత పెట్టండి.