లోడ్ పెడితే వీసీసీ ఎగబాకుతోందా? బయాస్ వైండింగ్ ఇలా చుట్టి చూడండి

యూసీ3842 అనే కంట్రోలర్ ఐసీతో 12 వోల్టుల ఫ్లైబ్యాక్ సప్లై (స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లో శక్తి నింపి, ఆఫ్ అయ్యాక సెకండరీకి వదిలే రకం) మొదటిసారి చేసినప్పుడు వరసగా రెండు మాస్‌ఫెట్లు, అంటే ఆ స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్లు, కాల్చుకున్నాను. వీసీసీ అంటే ఐసీ నడవడానికి అందే వోల్టేజీ, దాన్ని ఇచ్చేది ట్రాన్స్‌ఫార్మర్‌లో ఐసీ కోసమే వేసే చిన్న బయాస్ వైండింగ్. లోడ్ లేనప్పుడు వీసీసీ 14 వోల్టులు, కారు బల్బు తగిలించగానే 24. ఐసీ 30 దాకా తట్టుకుంటుంది కదా అని ఊరుకున్నా. కానీ ఈ ఐసీ తనకొచ్చిన వీసీసీని దాదాపు అలాగే గేటు మీదకి తోస్తుంది, మామూలు మాస్‌ఫెట్ గేటు హద్దేమో 20 వోల్టులే!

లెక్క తప్పలేదు. ప్రైమరీ 60 చుట్లు, సెకండరీ 6. డయోడ్ డ్రాప్ కలుపుకుని సెకండరీలో 12.7 వోల్టులు, అంటే చుట్టుకి 2.1. బయాస్ 7 చుట్లేస్తే డయోడ్ పోను 14 రావాలి. నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఆ 7 చుట్లనీ ప్రైమరీ మీదే బాబిన్‌లో ఓ మూలకి కుప్పగా చుట్టేయడం. మాస్‌ఫెట్ ఆఫ్ అయిన క్షణంలో లీకేజ్ ఇండక్టెన్స్ (ప్రైమరీలో సెకండరీతో కలవని భాగం) వల్ల ప్రైమరీలో లేచే స్పైక్ నేరుగా బయాస్‌లోకి దిగుతుంది, డయోడ్ ఆ పీక్ దాకా కెపాసిటర్‌ని నింపేస్తుంది. లోడ్ పెరిగితే స్పైక్ పెరుగుతుంది, వీసీసీ కూడా.

కాబట్టి బయాస్‌ని సెకండరీకి అంటిపెట్టండి. ముందు ప్రైమరీ 30 చుట్లు, పైన టేపు. దాని మీద సెకండరీ, బయాస్ రెండు తీగలూ పక్కపక్కన పట్టుకుని ఒకే పొరలో, బాబిన్ వెడల్పంతా పరుచుకునేలా చుట్టండి, ఏడో చుట్టు బయాస్‌కి విడిగా. మళ్లీ టేపు, పైన మిగతా 30 చుట్లు. బయాస్ తీగ సన్నగా ఉండి పొర నిండకపోతే అలాంటివే మూడు తీగలు కలిపి చుట్టొచ్చు. ఇక్కడ ఒక్క విషయంలో రాజీ పడొద్దు: బయాస్ మెయిన్స్ కరెంటు వైపుది, సెకండరీ మనం ముట్టుకునే వైపుది. రెండూ ఆనుకుని ఉంటాయి కాబట్టి సెకండరీకి ట్రిపుల్ ఇన్సులేటెడ్ వైరే (మూడు పొరల ఇన్సులేషన్ ఉన్న తీగ) వాడాలి, మామూలు ఎనామిల్ తీగతో ఈ పద్ధతి వద్దే వద్దు.

బయాస్ కొసలు తారుమారైతే అది ఫార్వర్డ్‌లో, అంటే మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నప్పుడు పనిచేస్తుంది. 230 వోల్టుల మెయిన్స్‌లో 325 డీసీ కదా, దాన్ని 60తో భాగించి 7తో గుణిస్తే 38. ఐసీకి అంతే సంగతులు.

డయోడ్ యూఎఫ్4003 లాంటి ఫాస్ట్ రకం వేయండి, 1ఎన్4007 ఈ వేగానికి పనికిరాదు. దానికి సిరీస్‌లో 10 ఓంల రెసిస్టర్ పెడితే మిగిలిన కాస్త స్పైక్ కూడా అణుగుతుంది.

సప్లై టిక్ టిక్‌మంటూ ఆన్, ఆఫ్ అవుతుంటే మాత్రం వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ విప్పకండి. యూసీ3842 వీసీసీ 16 వోల్టుల దగ్గర మొదలై 10 దగ్గర ఆగిపోతుంది. వీసీసీ మీదుండే 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ 15 మిల్లీయాంప్‌లకి ఆ 6 వోల్టుల తేడాని 19 మిల్లీసెకన్లే మోస్తుంది, ఈలోపు బయాస్ అందుకోవాలి. కెపాసిటర్ ఎండిపోతే ఆ కాస్త సమయం కూడా ఉండదు, ముందు అది మార్చండి. లోడ్ తీసేసినప్పుడే టిక్కుమంటుంటే అవుట్‌పుట్‌లో చిన్న డమ్మీ రెసిస్టర్ పెట్టి చూడండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్ తీగకి సిరీస్‌లో ఒక బల్బు తప్పనిసరి. వీసీసీ కొలిచేటప్పుడు మీటర్ నల్ల ప్రోబ్ మెయిన్స్ వైపున్న పెద్ద కెపాసిటర్ నెగటివ్‌కి పెట్టండి, అవుట్‌పుట్ గ్రౌండ్‌కి కాదు.