కంప్యూటర్ సైన్స్ క్విజ్ టోర్నమెంట్ నడపడం: ప్రశ్నల తయారీ నుంచి టై బ్రేకర్ దాకా

హాలు, ప్రొజెక్టర్, బజర్లు, బహుమతుల సంగతి అందరూ ముందే చూసుకుంటారు. ప్రశ్నలు మాత్రం చివరి రెండు రాత్రుల్లో తయారవుతాయి. వేదిక మీద గొడవ పుట్టేదీ అక్కడే. క్విజ్‌కి నాలుగు వారాల గడువుంటే మూడు వారాలు ప్రశ్నలకే ఇవ్వండి. మిగతా పనులకు ఒక్క వారం చాలు.

ముందు ఫార్మాట్ తేల్చుకోండి, ఎన్ని ప్రశ్నలు రాయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. రెండు దారులున్నాయి. మొదటిది రాత ప్రిలిమ్స్, దాని నుంచి ఆరు జట్లతో స్టేజ్ ఫైనల్. దీనికి ప్రిలిమ్స్‌లో 30, ఫైనల్‌లో 24, టై బ్రేకర్లకు 8, రిజర్వులో 10, మొత్తం 72 ప్రశ్నలు కావాలి. రెండోది జట్టుకు జట్టు ఎదురుపడే బజర్ మ్యాచ్‌ల టోర్నమెంట్. 16 జట్లను నాలుగు గ్రూపులు చేస్తే గ్రూపుకి 6 మ్యాచ్‌ల చొప్పున 24 అవుతాయి. ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు ముందుకెళ్తే క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ కలిపి మరో 7. మొత్తం 31 మ్యాచ్‌లు. మ్యాచ్‌కి 20 చొప్పున 620 ప్రశ్నలా అని కంగారు పడక్కర్లేదు. నాలుగు గదుల్లో ఒకే సమయంలో జరిగే నాలుగు మ్యాచ్‌లకూ ఒకే సెట్ వాడతారు. అప్పుడు గ్రూపు దశకు 6 సెట్లు, తర్వాతి మూడు దశలకు 3 సెట్లు, వెరసి 180 ప్రశ్నలు. షరతు ఒక్కటే: ఒక గదిలో మ్యాచ్ ఆలస్యంగా మొదలైతే మిగతా గదుల్లోనూ ఆగాలి. ముందు ముగిసిన గది తలుపు తెరిచారంటే ఆ సెట్ బయటికి పొక్కినట్టే.

మొదటిసారి నడుపుతున్నవాళ్లు మొదటి దారే పట్టడం మంచిది. జట్టుకు ముగ్గురు సరిపోతారు. నలుగురైతే ఒకరు ప్రేక్షకుడిగా మిగిలిపోతారు.

ప్రశ్న ఎలా ఉండాలి

జ్ఞాపకం ఉంటేనే చెప్పగలిగే ప్రశ్న కంటే, కూర్చుని లెక్క కడితే దొరికే ప్రశ్న మేలు. ఉదాహరణకు "యూనిక్స్ టైమ్ ఏ సంవత్సరంలో నిండిపోతుంది?" అని అడిగితే తెలిసినవాళ్లు చెప్తారు, తెలియనివాళ్లు దిక్కులు చూస్తారు. అదే ప్రశ్నను ఇలా అడగండి: "1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను ఒక సిస్టమ్ 32 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో దాచుకుంటుంది. ఆ సంఖ్య ఏ సంవత్సరంలో హద్దు దాటుతుంది?" ఒక బిట్ ప్లస్, మైనస్ గుర్తుకు పోతుందని, మిగిలిన 31 బిట్లలో దాదాపు 214 కోట్ల సెకన్లు పడతాయని, ఏడాదికి సుమారు 3.15 కోట్ల సెకన్లని తెలిసిన జట్టు కాగితం మీద 68 ఏళ్లు అని తేల్చి, 2038 అని చెప్పేస్తుంది. ఇలాంటి ప్రశ్న పడ్డప్పుడు ప్రేక్షకులు కూడా పెన్ను తీస్తారు.

వ్యక్తుల మీద ప్రశ్న అయితే క్లూలను కష్టమైనదాని నుంచి సులువైనదాని వైపు పేర్చండి. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా జవాబుగా రావాలంటే మొదట సెమఫోర్ (ఒకే వనరును పంచుకునే ప్రోగ్రామ్‌లు ఢీకొనకుండా చూసే పద్ధతి) ఆలోచన, తర్వాత ప్రోగ్రామ్‌ను ఒక చోటి నుంచి మరో చోటికి దూకించే గోటూ స్టేట్‌మెంట్ హానికరమంటూ 1968లో అచ్చయిన లేఖ, చివర్లో 1959లో ప్రచురించిన షార్టెస్ట్ పాత్ (అతి దగ్గరి దారి కనుక్కునే) అల్గారిథమ్. షార్టెస్ట్ పాత్‌ను ముందే పెడితే ప్రశ్న మొదటి వాక్యంలోనే అయిపోతుంది, మిగతాదంతా దండగ.

లోగోల రౌండ్ పెట్టాలని ఎవరో ఒకరు పట్టుబడతారు. పెట్టుకోండి, నాలుగు ప్రశ్నలకు మించకుండా. కంపెనీ గుర్తులు పోల్చడం కంప్యూటర్ సైన్స్ కాదు.

విషయాల పంపకం 30 ప్రశ్నలకు దాదాపు ఇలా ఉంటే బాగుంటుంది: అల్గారిథమ్స్, డేటా స్ట్రక్చర్స్ 7, నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ 6, ప్రోగ్రామింగ్ భాషలు 5, చరిత్ర 5, హార్డ్‌వేర్, నంబర్ సిస్టమ్స్ 4, సెక్యూరిటీ, థియరీ 3. చరిత్ర రాయడం సులువు కాబట్టి అది చాప కింద నీరులా పెరిగి సగం పేపర్‌ను ఆక్రమిస్తుంది. ముందే అంకె వేసుకుంటే ఆగుతుంది.

తగాదా తెచ్చే ప్రశ్నలు

"మొదటి" అనే మాట ఉన్న ప్రతి ప్రశ్ననూ అనుమానించండి. మొదటి కంప్యూటర్ ఏదంటే 1941 నాటి జ్యూజ్ జెడ్3 అనొచ్చు, 1944లో కోడ్లు ఛేదించిన కొలోసస్ అనొచ్చు, 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనొచ్చు. ఎనియాక్ పేటెంట్ చెల్లదని 1973లో అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పును పట్టుకుని అటానసాఫ్-బెర్రీ కంప్యూటర్ పేరూ చెప్పొచ్చు. రిలేలతోనా, ఎలక్ట్రానిక్‌దా, అన్ని పనులకూ పనికొచ్చేదా అన్న విశేషణం ప్రశ్నలోనే ఉండాలి.

"బగ్ అనే మాటను కనిపెట్టింది ఎవరు?" అనే ప్రశ్నకు చాలామంది జవాబు షీట్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ అని రాసుకుంటారు. అది తప్పు. 1947లో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్)లో చిమ్మట దొరికినమాట నిజమే, దాన్ని లాగ్‌బుక్‌లో అతికించినమాటా నిజమే. కానీ యంత్రాల లోపాన్ని బగ్ అనడం 19వ శతాబ్దంలో ఎడిసన్ ఉత్తరాల్లోనే ఉంది. "లాగ్‌బుక్‌లో ఏ పురుగును అతికించారు?" అని అడిగితే చిక్కే లేదు.

కోడ్ అవుట్‌పుట్ ప్రశ్నల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. సీ భాషలో ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ఒకే వేరియబుల్‌కు రెండు మూడు చోట్ల ప్లస్ ప్లస్ (విలువను ఒకటి పెంచే గుర్తు) తగిలించి జవాబు అడగడం పాత అలవాటు. సీ స్టాండర్డ్ ప్రకారం దాని ప్రవర్తన నిర్వచితం కాదు, ఏ కంపైలర్ ఏ అంకె ఇచ్చినా ఇవ్వొచ్చు. ఆ ప్రశ్నకు జవాబే లేదు. ఇంటీజర్ సైజు ఎన్ని బైట్లు అన్నదీ అంతే, మెషీన్ చెప్పకుండా అడగకూడదు. పైథాన్‌లో 7ను 2తో ఒక్క స్లాష్ పెట్టి భాగిస్తే వెర్షన్ 2లో 3, వెర్షన్ 3లో 3.5. భాష, వెర్షన్ స్లైడ్ మీద రాయండి. స్లైడ్‌లో ఉన్న కోడ్‌నే కాపీ చేసి రన్ చేయండి, మీ దగ్గరున్న అసలు ఫైల్‌ను కాదు. స్లైడ్ సాఫ్ట్‌వేర్ మామూలు కోట్ గుర్తుల్ని వంపు కోట్‌లుగా మార్చేస్తుంది, ఇండెంటేషన్‌ను చెడగొడుతుంది. దాంతో సరైన జవాబు "సింటాక్స్ ఎర్రర్" అయి కూర్చుంటుంది, ఆ మాట ఏదో ఒక జట్టు అననే అంటుంది.

క్విక్ సార్ట్ కాంప్లెక్సిటీ (అంశాలు పెరిగేకొద్దీ పని ఎంత పెరుగుతుందన్నది) అడిగితే సగటా, వర్స్ట్ కేసా చెప్పాలి. కిలోబైట్ అడిగితే వెయ్యా, 1024ఆ తేల్చాలి.

ప్రతి ప్రశ్న పక్కనా మూడు గడులు పెట్టుకోండి: ఒప్పుకునేవి, "ఇంకొంచెం వివరంగా చెప్పండి" అనాల్సినవి, ఒప్పుకోనివి. జవాబు వరల్డ్ వైడ్ వెబ్ అయితే "వెబ్" ఒప్పుకోవాలి, "ఇంటర్నెట్" ఒప్పుకోకూడదు. జవాబు స్టాక్ అయితే, "చివర వచ్చింది ముందు పోయేది" అన్న జట్టును ఆ డేటా స్ట్రక్చర్ పేరు అడగాలి. ఇవి వేదిక మీద ఆలోచించుకునే సంగతులు కావు. పోటీలో లేని ఇద్దరి చేత మొత్తం పేపర్ రాయించండి. ఇద్దరికీ రాని ప్రశ్నల్లో సగం తీసేయండి. ఇద్దరూ ఒకే తప్పు జవాబు రాస్తే ప్రశ్న మాటల్లోనే లోపం ఉంది.

ప్రిలిమ్స్

30 ప్రశ్నలు స్లైడ్‌కి 40 సెకన్ల చొప్పున 20 నిమిషాలు, తర్వాత మళ్లీ వేగంగా తిప్పి చూపించడానికి 10 నిమిషాలు. నలుగురు దిద్దితే 40 జట్ల పేపర్లు పావుగంటలో అయిపోతాయి. కటాఫ్‌కు పైన మూడు, కింద మూడు పేపర్లు మాత్రం ఇంకొకరు తప్పకుండా మళ్లీ దిద్దాలి. అయిదు ప్రశ్నలకు స్టార్ గుర్తు పెట్టండి. సమాన మార్కులు వస్తే స్టార్ ప్రశ్నల్లో ఎక్కువ సరిగ్గా చెప్పినవాళ్లు ముందు. అప్పటికీ తేలకపోతే మొదటి ప్రశ్న నుంచి వరసగా ఎన్ని ఒప్పులున్నాయో చూడండి.

ఆప్షన్లు ఇచ్చే పేపర్ అయితే మార్కుల లెక్క ముందే చూసుకోండి. నాలుగు ఆప్షన్లకు ఒప్పుకి 3, తప్పుకి −1 పెడితే గుడ్డిగా గుర్తు పెట్టినవాడికి సగటున సున్నా వస్తుంది. ఒప్పుకి 4 పెడితే ప్రతి ఊహకూ సగటున పావు మార్కు లాభం. ధైర్యమే తెలివైపోతుంది.

ఆన్‌లైన్ ప్రిలిమ్స్ జట్లు మరీ ఎక్కువైనప్పుడే పెట్టండి, అదీ ప్రశ్నకు 20 సెకన్లు మించకుండా, వెతికితే నేరుగా దొరకని బొమ్మలు, లెక్కలతో.

ఫైనల్

ఆరు జట్లకు బౌన్స్, పౌన్స్ పద్ధతి బాగా కుదురుతుంది. ప్రశ్న ఒక జట్టుకు నేరుగా వస్తుంది. మిగతావాళ్లు కావాలంటే 20 సెకన్లలో చీటీ మీద జవాబు రాసి పౌన్స్ చేస్తారు: ఒప్పయితే 10, తప్పయితే −5. పౌన్స్ చేసినవాళ్లు ఆ ప్రశ్నకు మళ్లీ నోరు విప్పకూడదు. ఆ తర్వాత నేరుగా వచ్చిన జట్టు జవాబు చెబుతుంది, చెప్పలేకపోతే అదే ప్రశ్న వరసగా పక్క జట్లకు బౌన్స్ అవుతుంది, అక్కడ ఒప్పుకి 10, తప్పుకి కోత లేదు. మూడో జట్టు చెబితే తర్వాతి ప్రశ్న నాలుగో జట్టుకు నేరుగా వెళ్తుంది. ఎవరూ చెప్పకపోతే, మొదట ఎవరికి వెళ్లిందో వాళ్ల పక్క జట్టుకు. 12 ప్రశ్నల తర్వాత దిశ మార్చండి. లేకపోతే బలమైన జట్టు తర్వాత కూర్చున్నవాళ్లకు చివరి వరకూ బౌన్స్ అయిన ప్రశ్నలు పెద్దగా దక్కవు. ప్రశ్నకు సగటున రెండున్నర నిమిషాలు, 24 ప్రశ్నలకు గంట.

స్లైడ్లలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒక ఖాళీ స్లైడ్ ఉండి తీరాలి. రిమోట్ రెండుసార్లు నొక్కుకుపోయి జవాబు తెర మీద పడటం ఎప్పుడూ జరిగేదే. కోడ్‌ను మోనోస్పేస్ (అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉండే) ఫాంట్‌లో, 28 పాయింట్లకు తగ్గకుండా, 10 లైన్లు మించకుండా, తెల్ల నేపథ్యం మీద నలుపులో పెట్టండి. ఎడిటర్లో అందంగా కనిపించే నల్ల థీమ్ ప్రొజెక్టర్ వెలుతురులో బూడిదై పోతుంది.

బజర్లు సొంతంగా తయారు చేస్తే ఒక తప్పు చూసుకోండి. ప్రోగ్రామ్ బటన్‌ను కలిపిన ఒక్కో పిన్‌ను వరసగా చదువుతూ ప్రతి పిన్ దగ్గరా డీబౌన్స్ (నొక్కినప్పుడు బటన్ అదిరి పలుమార్లు సిగ్నల్ ఇవ్వడాన్ని వడకట్టడం) కోసం 20 మిల్లీ సెకన్లు ఆగుతుంటే, ఆరు బటన్లకు ఒక చుట్టుకు 120 మిల్లీ సెకన్లు పడుతుంది. ఆ లోపల ముందు నొక్కినవాళ్లు కాక, చుట్టులో ముందు వచ్చిన పిన్ గెలుస్తుంది. ఎవరు ముందు అన్నదే కావాలి కాబట్టి డీబౌన్స్ అక్కర్లేదు; మొదటి సిగ్నల్ అందగానే మిగతావి లాక్ చేస్తే చాలు. పొడవాటి వైర్లు నాయిస్ పట్టుకుని ఎవరూ నొక్కకుండానే మోగుతాయి, ఒక్కో లైన్‌కు 4.7 కిలో ఓమ్‌ల పుల్ అప్ రెసిస్టర్ (నొక్కనప్పుడు లైన్‌ను స్థిరంగా ఉంచేది) పెట్టండి. ఫోన్ బజర్ యాప్‌లు చాలావరకు సర్వర్‌కి ఏది ముందు చేరిందో దాన్నే లెక్కిస్తాయి, వైఫై సరిగా అందని మూలన కూర్చున్న జట్టు ఎంత వేగంగా నొక్కినా నష్టపోతుంది.

మనుషుల విషయానికొస్తే క్విజ్ మాస్టర్ కాక ఇద్దరు స్కోరర్లు ఒకరి షీట్ ఒకరు చూడకుండా రాయాలి, ఆరు ప్రశ్నలకోసారి సరిపోల్చుకోవాలి. చీటీలు తీసుకోవడానికి ముగ్గురు, టైమ్ చూడటానికి ఒకరు, వాదనలు తేల్చడానికి ఒకరు. ఆ చివరి మనిషి క్విజ్ మాస్టర్ కాకూడదు. తను రాసిన ప్రశ్నను తనే వెనకేసుకొస్తాడు. అభ్యంతరం తర్వాతి ప్రశ్న చదవడం మొదలయ్యేలోపే చెప్పాలని నియమాల్లో రాయండి. నిజంగా ప్రశ్నే తప్పయితే సర్దుబాటు మార్కులు పంచకుండా ఆ ప్రశ్నను మొత్తంగా రద్దు చేసి, అదే జట్టుకు రిజర్వులోంచి ఒకటి ఇవ్వండి.

చివర్లో సమానమైతే సడన్ డెత్. ఇక్కడ అంకె జవాబుగా వచ్చేవి వాడండి, వాదనకు తావుండదు: వెయ్యి అంశాల సార్టెడ్ లిస్ట్‌లో బైనరీ సెర్చ్ గరిష్ఠంగా ఎన్ని అంశాలను చూడాలి (10), ఐపీవీ6 అడ్రస్‌లో ఎన్ని బిట్లు (128). ఇద్దరూ చీటీ మీద రాసి ఒకేసారి ఇవ్వాలి, ఒకరు ఒప్పు, మరొకరు తప్పు అయ్యేదాకా కొనసాగించాలి. ఎనిమిది ప్రశ్నలు పక్కన పెట్టుకోమన్నది ఇందుకే. రెండు మంచి జట్లు నాలుగైదు ప్రశ్నల దాకా విడిపోవు.