ఇంట్లో బైబిలు బడి – 4వ పాఠం: తప్పు బయటపడ్డాక

పోయిన పాఠంలో కథ చెప్పి పిల్లల చేత మాట్లాడించడం చూశాం. ఈసారి ఆ కథ నిజంగా అవసరపడే చోటికి వద్దాం. ఎనిమిదేళ్ల బాబు నానమ్మ పర్సులోంచి ఇరవై రూపాయలు తీశాడు. అడిగితే "నేను తియ్యలేదు" అన్నాడు. ఇప్పుడేం చేస్తారు?

మన ఇళ్లలో మామూలుగా వీపు మీద నాలుగు పడతాయి. లేదంటే రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరి ముందూ "ప్రభువా, మా వాడికి ఈ దొంగబుద్ధి మాన్పించు" అని గట్టిగా ప్రార్థిస్తాం. ప్రార్థన పేరుతో తిడుతున్నామని వాడికి తెలిసిపోతుంది. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ 6:4లో పౌలు తండ్రులకు చెప్పిన మాట దీనికీ వర్తిస్తుందనే నా అభిప్రాయం.

అలాగని మాటలతో సరిపెట్టినా కుదరదు. 1 సమూయేలు 2వ అధ్యాయంలో యాజకుడైన ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు జనం తెచ్చిన బలి మాంసాన్ని బలవంతంగా లాక్కునేవారు. ఏలీ చూసీ చూడనట్టు ఊరుకోలేదు, మందలించాడు. అయినా 3:13లో అతని మీద పడిన నింద, కొడుకులను అడ్డుకోలేదనే.

మరి అడ్డుకోవడం ఎలా? లూకా 19లోని జక్కయ్య అనే పన్ను వసూలుదారుడి కథ తీయండి. యేసును చూడాలని అతను చెట్టెక్కిన సంగతి సండే స్కూల్ పిల్లలందరికీ వచ్చు, దాన్ని త్వరగా దాటేయండి. యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానని జక్కయ్య ఆ తర్వాత తనంతట తానే అన్నాడు. ఈ వరస మార్చకండి. బాబును పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకెవరూ లేనప్పుడు మొదలుపెట్టండి.

"నాన్నా, పర్సులో డబ్బు నువ్వే తీశావని నాకు తెలుసు. నీ మీద కోపంతో అడగట్లేదు. దేనికి తీశావు?"

"...చిప్స్‌కి."

"సరే. జక్కయ్య ఏం చేశాడో గుర్తుందా?"

"తిరిగి ఇచ్చేశాడు."

"మరి నానమ్మకి మనం ఎలా ఇద్దాం?"

తీశావా లేదా అని పదేపదే అడిగితే ఇంకో అబద్ధానికి మనమే దారి చూపినట్టు. తెలిసిందని చెప్పేయడమే మేలు. పొరపాటున కూడా నాలుగింతలు కట్టమనకండి, అది జక్కయ్య ఇష్టపడి ఇచ్చింది. ఇంటికి సరిపోయే కొలత సంఖ్యాకాండము 5:7లో ఉంది: పాపం ఒప్పుకున్నవాడు మొత్తం తిరిగిచ్చి, పైన అయిదో వంతు కలపాలి. అంటే ఇరవైకి ఇరవై నాలుగు. వాడి కిడ్డీ బ్యాంకులోంచి వాడే తీసి, నానమ్మ చేతిలో వాడే పెట్టాలి. జాలిపడి మీ జేబులోంచి ఇస్తే పాఠం మీరు నేర్చుకున్నట్టు.

నానమ్మతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి. "పోనీలేరా, ఉంచుకో" అని ఆవిడ తిరిగిచ్చేస్తే ఇంత కష్టమూ వృథా. ఇచ్చాక మళ్లీ ఆ విషయం ఎత్తొద్దు, చుట్టాలొచ్చినప్పుడు అసలే వద్దు.

ఈ వారం అభ్యాసం: మీరు ఎవరికైనా తిరిగి ఇవ్వాల్సినవి ఉంటే, అప్పు తెచ్చిన గిన్నె అయినా సరే, పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి ఇచ్చి రండి. వచ్చే పాఠంలో అన్నదమ్ముల గొడవలు, యాకోబు ఇంటి కథతో.